నలుపు మెరవాలంటే

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ గురించి చెప్పవలసిన వారు చెప్పారు. భోజనాలకు ముందు అరగంట నాకు కేటాయించారు. "నీకు తెలిసిన పని గురించి చెప్పు, అనవసరమైన వేదాంతం వద్దు" అని కార్యదర్శి గారి ఆజ్ఞ. నాకు తెలిసిన పని ఒక్కటే, పెయింటు. హెల్పరుగా చేరి, గన్ పట్టి, ఫోర్‌మన్‌గా దిగిపోయాను. రిటైరయిన తర్వాత కూడా ఆ పని నన్ను వదలలేదు. పెళ్లికి వెళ్లినా, చావుకు వెళ్లినా ఎవరో ఒకరు పక్కకు పిలిచి తమ కారు చూపిస్తారు. ఈమధ్య నాలుగైదేళ్లుగా అందరూ అడిగేది ఒకే ప్రశ్న. "బయట బాగానే ఉంది కాని లోపల ప్లాస్టిక్ అంతా వెలిసిపోయింది, గీతలు పడింది. కొత్త కార్లలో నల్లగా అద్దంలా మెరుస్తూ ఉంటుంది చూడండి, అట్లా చేయించవచ్చునా?" అని.

ఈ ప్రశ్న ఎందుకు వస్తుందో నాకు తెలుసు. మనలో చాలామంది జీవితంలో కొన్నది ఒకే ఒక్క కారు. గ్రాట్యుటీలోంచో పి.ఎఫ్.లోంచో కొంత తీసి కొన్నది. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు ఉంటుంది. ఆ తర్వాత బండి చూపించి 5 ఏళ్లకొకసారి రెన్యువల్ చేయించుకోవాలి. నా వేగన్ ఆర్ 2009 నాటిది. 2024లో గడువు నిండింది. పిల్లలు అమ్మేయమన్నారు. ఇంజను బాగుంది, బాడీకి తుప్పు లేదు, అమ్మితే వచ్చే ధర వింటే కారే సిగ్గుపడుతుంది. రెన్యువల్ చేయించాను. అట్లా ఉంచుకున్న కారులో కూర్చున్నప్పుడల్లా వెలిసిపోయిన ప్లాస్టిక్ కళ్లకు కనబడుతూ ఉంటే మనసు చివుక్కుమంటుంది. అంతే సంగతి.

చేయించవచ్చునా అంటే, చేయించవచ్చు. ఇంట్లో చేసుకోవచ్చు కూడా. కాని ఎంత భాగానికి, ఏ పెయింటుతో, ఎవరి ఊపిరితో అన్నది ముందు తేల్చుకోవాలి. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఈ మూడో మాట. దాని దగ్గరకు కొంచెం నడిచి వెళ్దాం.

ఈ మెరిసే నలుపు కొత్తదేమీ కాదు. చైనా, జపాన్ దేశాల్లో ఒక జాతి చెట్టు నుంచి పాలు తీసి, చెక్క మీద పొర మీద పొర పూసి, ఆరబెట్టి నునుపు చేసే కళ వేల ఏళ్ల నాటిది. 17వ శతాబ్దంలో యూరపు వారికి ఆ సామాను మీద మోజు పుట్టింది. ఆ చెట్టు పాలు వాళ్లకు దొరకవు గనుక వేరే వార్నిషులతో అనుకరించి, ఆ పనికి 'జపానింగ్' అని పేరు పెట్టుకున్నారు. ఫోర్డు మోడల్ టి కారు 1914 నుంచి 1925 దాకా నల్లరంగులోనే వచ్చిందని మీరు వినే ఉంటారు. ఆ రంగు తారుజాతి సరుకుతో చేసి, ఓవెన్‌లో కాల్చిన జపాన్ నలుపే. 1923లో డ్యుపాంట్ కంపెనీ 'డ్యూకో' అనే నైట్రోసెల్యులోజ్ లాకరు తెచ్చింది. రోజుల తరబడి ఆరే పని గంటల్లోకి వచ్చింది. ఆ కంపెనీ పెట్టుకున్న పేరు మన ఊళ్లలో రంగు పేరే అయిపోయింది. బీరువాకు డూకో వేయించాం, మంచానికి డూకో వేయించాం అంటాం కదా, అది ఆ డ్యూకోనే. మెరిసే నలుపు అందం మనవాళ్లకు తెలియనిదీ కాదు. నల్లటి నేపథ్యం మీద బంగారు రంగు మెరిసే నిర్మల్ చిత్రపటాలు మనలో ఎంతమంది ఇళ్లలో లేవు? ఇప్పుడు కార్లలో దీన్ని 'పియానో బ్లాక్' అంటున్నారు, పియానో పెట్టె మీది పాలిషు అన్న అర్థంలో. పేరు ఏదైనా రంగు మసే. నూనెను గాలి చాలకుండా మండించి పట్టిన మసి. మా అమ్మ ఆముదపు దీపం మీద రాగి చెంబు బోర్లించి కాటుక పట్టేది, అదే సూత్రం.

రంగులన్నిటిలోకి పనివాణ్ణి ఏడిపించేది నలుపు. బయటివాళ్లు నమ్మరు. నలుపైతే మరకలు కనబడవు గదా అంటారు. బట్టల మీద నిజమే, మెరిసే పెయింటు మీద కాదు. దీని వెనక చిన్న లెక్క ఉంది. నునుపైన పెయింటు మీద వెలుగు పడితే, పైపొర నుంచి అద్దంలాగా తిరిగి వచ్చేది ఎదురుగా చూసినప్పుడు నూటికి నాలుగు పాళ్లే. తెల్ల కారైతే లోపలి తెలుపు నుంచి ఇంకో ఎనభై పాళ్లు వెదజల్లుకుని వస్తుంది. ఆ వెలుగు వరదలో పైపొర మీది గీత, గుంట, దుమ్ము కనిపించవు. నలుపులో లోపలి నుంచి వచ్చేది దాదాపు సున్న. కంటికి చేరేది ఆ నాలుగు పాళ్ల ప్రతిబింబమే. అందులో ఏ చిన్న వంకర ఉన్నా కంట్లో నలుసులా కనిపిస్తుంది. మా షాపులో తెల్ల బస్సు మధ్యాహ్నం దాటకముందే పాసయ్యేది. నల్ల స్టాఫ్ కారు వచ్చిందంటే ఇన్‌స్పెక్టరు గారు ట్యూబులైటు కింద వంగి వంగి చూసేవారు.

అందువల్ల నా మొదటి సలహా. లోపలంతా నల్లగా మెరిపించాలన్న ఆశ వదులుకోండి. గేరు చుట్టూ ఉన్న పలక, రేడియో చుట్టూ ఉన్న పలక, ఏ.సి. గాలి వచ్చే కిటికీల చట్రాలు, తలుపుల మీద అద్దాల స్విచ్చులుండే పట్టీలు, ఇంతే. ఇవి ఊడదీయడానికి వీలైనవి, టేబులు మీద పెట్టుకుని చేసుకోదగినవి. డ్యాష్‌బోర్డు పైభాగం మాత్రం ఎవరు చెప్పినా ముట్టుకోవద్దు. కంపెనీవాడు దాన్ని మెరుపు లేకుండా గరుకుగా ఉంచడానికి కారణముంది. అది మెరిస్తే పగలు ఆకాశం, రాత్రి ఎదురు బండ్ల దీపాలు దానిలో పడి ముందు అద్దం మీద ప్రతిబింబిస్తాయి. రోడ్డు మీది మనిషి కనబడడు. ఈ సభలో సగం మందికి శుక్లాల ఆపరేషన్ అయింది, మిగతా సగం వాయిదా వేసుకుంటున్నారు (నవ్వులు). మన వయసు కళ్లకు మిరుమిట్లు అసలే పడవు. గేరు పలక విషయంలో కూడా ఒక పరీక్ష చేసుకోండి. మెరిసే నల్ల కాగితం అదే కొలతకు కత్తిరించి అంటించి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి కారు నడిపి చూడండి. ఎండ పక్క అద్దంలోంచి దాని మీద పడి కంట్లో కొడుతూ ఉంటే ఆ పలక వదిలేయండి. పది రూపాయల కాగితంతో తేలిపోయే సంగతి.

ఇంకొక నిషేధం ఉంది. స్టీరింగు మధ్యభాగం, ఎడమవైపు డ్యాష్‌బోర్డు మీద, స్తంభాల పట్టీల మీద 'ఎస్.ఆర్.ఎస్.' అనో 'ఎయిర్‌బ్యాగ్' అనో అక్షరాలుంటే అక్కడ పెయింటు వేయకూడదు. ఆ మూత ఏ గీత మీద చిరగాలో లెక్కగట్టి చేసి ఉంటుంది. పైన గట్టి పొర పోస్తే చిరగడం తేడా రావచ్చు, ఆ పెంకులు ముఖాన కొట్టవచ్చు. 2019 జులై తర్వాత తయారైన కార్లన్నిటికీ డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్ ఉండి తీరాలన్న నిబంధన వచ్చింది. అంతకు ముందు కార్లలో కూడా కొన్నింటికి ఉంది. మీ కారుకు లేదని మీరే తీర్మానించుకోకండి, చూసుకోండి.

ఇక పని. ఊడదీసేటప్పుడు స్క్రూడ్రైవరుతో పెకలించకూడదు, అంచు మీద గాటు పడుతుంది. వెదురు బద్ద చెక్కుకుని దాంతో మెల్లగా ఎత్తితే క్లిప్పులు టక్కుమని వస్తాయి. ఎక్కడి స్క్రూ అక్కడిదని గుర్తు పెట్టుకోవడానికి నేను కనిపెట్టిన పరికరం ఒకటుంది. వారం రోజుల మాత్రలు పెట్టుకునే ఏడు గళ్ల డబ్బా. ఆదివారం గడిలో గేరు పలక స్క్రూలు, సోమవారం గడిలో రేడియోవి. మా ఆవిడ మాత్రల కోసం డబ్బా తెరిచి నన్ను ఏమన్నదో ఇక్కడ చెప్పను.

ఊడదీసిన పలకను వెనక్కు తిప్పి చూడండి. అచ్చులోనే చిన్న అక్షరాలు పోసి ఉంటాయి. ఎ.బి.ఎస్. అనో, పి.పి. అనో, ఈ రెండింటిలో దేనితోనో ఇంకొకటి కలిసినట్టో ఉంటుంది. పెయింటు నిలుస్తుందా ఊడుతుందా అన్నది ఆ రెండు అక్షరాల్లోనే ఉంది. ఎ.బి.ఎస్. పెయింటును పట్టుకుంటుంది. పి.పి., అంటే పాలీప్రొపిలీన్, దేన్నీ పట్టుకోదు. మన నీళ్ల బకెట్లు, కుర్చీలు ఆ జాతివే. తామరాకు మీద నీటిబొట్టు చందం. దానికి ముందుగా అడ్హీషన్ ప్రమోటరు అనే ద్రవం పలచగా ఒక పూత వేయాలి, డబ్బా మీద రాసిన సమయం లోపలే దాని మీద ప్రైమరు పడాలి. మా వీధిలో ఒకాయన కారును ఒక షాపులో ఇచ్చారు. వాళ్లు వెనక అక్షరాలు చూడలేదు, అన్నిటికీ ఒకటే ప్రైమరు కొట్టి ఇచ్చారు. మెరుపు చూసి ఆయన మురిసిపోయారు. రెండో నెలలో గోరు తగిలితే చాలు, అరటిపండు తొక్కలా వచ్చేసింది. డబ్బు పోయింది, పలకలూ పాడయ్యాయి.

అక్షరాలు లేకపోతే నీళ్ల బకెట్టులో చిన్న ముక్క వేసి చూడవచ్చు. ఎ.బి.ఎస్. మునుగుతుంది, ఉత్త పి.పి. తేలుతుంది. సున్నపురాయి పొడో సుద్దపొడో దట్టించిన పి.పి. మునగనూ వచ్చు గనుక ఇది కచ్చితమైన పరీక్ష కాదు. అనుమానముంటే ప్రమోటరు వేసుకోవడమే మేలు. మెత్తగా తోలులా ఉండే వినైల్ భాగాలకు మాత్రం ఈ గట్టి పెయింటు పనికిరాదు. దాన్ని మెత్తగా ఉంచే నూనె కాలక్రమేణా పైకి వచ్చి పెయింటు జిగట పడుతుంది.

తర్వాత కడగడం. ఇది చాలామంది తేలికగా తీసుకునే పని, నా లెక్కలో సగం పని. పదిహేనేళ్లుగా ఆ ప్లాస్టిక్ మీద మనం ఏమేమి పూశాం? డ్యాష్‌బోర్డు పాలిషు, కొబ్బరినూనె, పెట్రోలు గుడ్డ. పాలిషులో ఉండేది సిలికోన్ నూనె. అది కంటికి కనబడనంత మిగిలినా పెయింటు అక్కడ నిలవక గుండ్రంగా వెనక్కు జరుగుతుంది. చేప కళ్లలా గుంటలు పడతాయి. షాపులో దాన్ని 'ఫిష్ ఐ' అనేవాళ్లం. ఒకసారి వచ్చిందంటే పైన ఎన్ని కోట్లు కొట్టినా పోదు. అందుకని సబ్బునీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో రెండుసార్లు కడిగి, ఆరబెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో ఒక గుడ్డ తడిపి తుడిచి, వెంటనే ఇంకో పొడిగుడ్డతో తీసేయాలి. ఒకే గుడ్డతో తుడుస్తూ పోతే నూనె ఇక్కణ్ణుంచి అక్కడికి ప్రయాణం చేస్తుందే గాని పోదు. లాకరు థిన్నరు మాత్రం వాడకండి. ఎ.బి.ఎస్. దాన్ని తాగి సన్నటి పగుళ్లు విచ్చుతుంది. ఇంకో మాట, సాన మొదలుపెట్టే ముందే నూనె వదిలించాలి. నూనె ఉండగా రుద్దితే కాగితం ఆ నూనెను గీతల్లోకి దూర్చి పెడుతుంది.

కార్లలో పలకల మీద తోలులాగా సన్నటి గింజ అచ్చు ఉంటుంది. మెరిసే నలుపు కింద ఆ గింజ ఉంటే దోసె మీద నల్ల వార్నిషు పోసినట్టు ఉంటుంది. దాన్ని తీయాలి. 320 నంబరు వాటర్ పేపరుతో మొదలుపెట్టి పైగింజ దించి, ప్లాస్టిక్ ప్రైమరు ఒక పలచ కోటు, దాని మీద సర్ఫేసరు మూడు నాలుగు కోట్లు వేసి మిగిలిన లోయలు నింపుకోవాలి. పైన వేరే రంగు పెయింటు పొగలాగా ఒకసారి చల్లి 600తో నీళ్లు పెట్టి రుద్దితే, ఎత్తులో ఉన్న చోట ఆ రంగు పోతుంది, పల్లంలో ఉన్న చోట మిగులుతుంది. మిగిలినదల్లా ఇంకా నింపవలసిన గుంట. చివరకు 800. ఒక్కొక్క పలకకు ఒక పూట పడుతుంది. నాలుగు పలకలకు నాలుగు పూటలు. రిటైరయిన మనకు పూటల కొదువ ఏముంది?

పెయింటుకు పైకి వెళ్లే ముందు, పలక వెనకవైపు కనబడని మూల కొంచెం ప్రైమరు వేసి, ఆరాక బ్లేడుతో చిన్న గళ్లు గీసి, సెల్లోటేపు గట్టిగా అంటించి ఒక్క ఊపున లాగి చూడండి. గళ్లు టేపుతో వస్తే ఆగిపోవాలి. పెద్ద పెద్ద కంపెనీల్లో చేసే పరీక్ష కూడా ఇదే.

రంగు కొట్టే రోజు వాతావరణం చూసుకోవాలి. ఆషాఢ శ్రావణాల్లో గాలిలో చెమ్మ ఎక్కువ. లాకరు ఆరేటప్పుడు థిన్నరు ఆవిరై ఉపరితలం చల్లబడుతుంది, గాలిలోని చెమ్మ దాని మీద పేరుకుని నలుపు బూడిద రంగు తిరుగుతుంది. శీతకాలంలో పొగమంచు తీరాక, తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య మంచి సమయం. సాయంత్రం కొట్టారంటే దీపం పురుగులు వచ్చి పడతాయి. ముందు నేల మీద కళ్లాపి చల్లినట్టు నీళ్లు చల్లుకుంటే దుమ్ము లేవదు. నూలు పంచె, బనీను వేసుకుని గన్ పట్టకూడదు, వాటి నూగంతా పెయింటు మీదే వాలుతుంది. గన్ అయినా స్ప్రే డబ్బా అయినా పలకకు ఒక జానెడు దూరం, పలక బయట మొదలుపెట్టి పలక బయట ఆపాలి. ఒకే కోటులో నలుపు నింపేద్దామనుకుంటే కారుతుంది. పలచటి కోట్లు మూడు, మధ్యలో పది పదిహేను నిమిషాలు.

ఇప్పుడు మెరుపు. నల్లరంగు మెరుపు ఇవ్వదు, దాని మీద వేసే క్లియర్ కోటు ఇస్తుంది. క్లియర్ రెండు రకాలు. ఒకటి ఉన్నది ఉన్నట్టుగా కొట్టుకునేది, థిన్నరు ఆవిరై గట్టిపడుతుంది. రెండోది హార్డెనరు కలిపి కొట్టేది, షాపుల్లో 'టూ కె' అంటారు, మనం పి.యు. అనేవాళ్లం. పియానో లాంటి లోతు, గట్టిదనం, ఎండకు ఓర్చుకునే గుణం రెండోదానిదే. ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు 70 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, ప్లాస్టిక్ ఇనుముకన్న ఎన్నో రెట్లు సాగుతుంది, దానితోపాటు సాగి ముడుచుకోవాలంటే ఈ రకమే మేలు. పనివాడిగా నా ఓటు దానికే.

కాని ఆ హార్డెనరులో ఉండేది ఐసోసయనేటు. దాని తుంపర ఊపిరిలోకి పోతే కొందరికి ఉబ్బసం పట్టుకుంటుంది. ఎవరికి పట్టుకుంటుందో ముందు తెలియదు. ఏళ్లపాటు ఏమీ కాకుండా ఉండి ఒకరోజు మొదలు కావచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత రవ్వంత తగిలినా ఆయాసం కమ్ముకుంటుంది. చర్మం గుండా కూడా హాని చేస్తుంది. వాసనను బట్టి పసిగట్టలేం, ముక్కుకు వచ్చే ఘాటు థిన్నరుది. 1984 డిసెంబరులో భోపాల్‌లో బయటికి వచ్చిన మిథైల్ ఐసోసయనేటు ఈ కుటుంబానిదే. రెండూ ఒకటి కావు, హార్డెనరు అట్లాంటి వాయువు కాదు. కాని బంధుత్వం ఉంది.

మనకు ఇది ఎవరు చెప్పారు? పి.యు. డబ్బాలు వచ్చిన రోజుల్లో మాకు ఇచ్చిన రక్షణ, తడి చేతిరుమాలు ముక్కుకు కట్టుకోమన్న మాట. డ్యూటీ దిగేటప్పుడు బెల్లం ముక్క. బెల్లం తింటే ఊపిరితిత్తులు శుభ్రమవుతాయని అందరం నమ్మాం. బెల్లం కడుపులోకి పోతుంది, తుంపర పోయింది ఊపిరితిత్తులోకి. రెండు దారులూ వేరు. నాకు గన్ పట్టడం నేర్పిన మేస్త్రీ గారు జీవితంలో ఒక్క సిగరెట్టు ముట్టలేదు. రిటైరయ్యే నాటికి మెట్లెక్కలేకపోయారు. ప్రతి డాక్టరూ "సిగరెట్లు తాగుతారా?" అని అడిగాడు, "లేదండీ" అని ఆయన చెప్పారు, దగ్గు మందు రాసిచ్చారు. ఏం పని చేసేవారని అడిగినవాడు లేడు, ఈయన చెప్పుకున్నదీ లేదు. ఎండాకాలంలో కూడా కిటికీ పక్కన దిండ్లు వేసుకుని కూర్చుని నిద్రపోయేవారు. నేను వెళితే దగ్గు ఆపుకుంటూ, "ఏరా, ఆ నల్లకారు పాసయిందా?" అని అడిగేవారు. ఆయనకు వచ్చినది ఆ పెయింటువల్లనే అని రుజువు చేయగల కాగితం నా దగ్గర లేదు. అడగవలసిన ప్రశ్న ఎవరూ అడగలేదన్నదే నా బాధ.

కాబట్టి పెయింట్ షాపులోను, పక్కనున్న బాడీ షాపులోను పనిచేసిన మిత్రులకు నా మనవి. ఆయాసం, పిల్లికూతలు, రాత్రిపూట దగ్గు ఉంటే డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు వయసు, బి.పి., షుగరుతోపాటు "ఇన్నేళ్లు స్ప్రే పెయింటు పని చేశాను, హార్డెనరు కలిపిన పెయింటు వాడాను" అని మీ అంతట మీరే చెప్పండి. చీటీ మీద రాయించండి. ఊది చూసే పరీక్ష అడగండి. పని మానేసి ఎన్నో ఏళ్లయిందిగా అనుకోవద్దు. అమ్మలూ, మీ ఆయన చెప్పకపోతే మీరు చెప్పండి. మనవాళ్లకు షాపు సంగతులు ఇంట్లో చెప్పడం వచ్చు గాని డాక్టరు దగ్గర నోరు పెగలదు.

మళ్లీ కారు దగ్గరకు వస్తాను. హార్డెనరు కలిపిన క్లియర్ ఇంట్లో కొట్టవద్దు. వరండాలో కొట్టినా తుంపర ఇంట్లోకి వస్తుంది, పసిపిల్లలుంటారు. అడుగున మీట నొక్కితే హార్డెనరు కలిసే స్ప్రే డబ్బాలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. డబ్బా చిన్నదని మోసపోకండి, లోపలిది అదే. కరోనా రోజుల గుడ్డ మాస్కు దీనికి చాలదు. ఇంట్లో పలకలు ఊడదీసి, కడిగి, రుద్ది, ప్రైమరు దాకా మీరు చేసుకోండి. చివరి నలుపు, క్లియరు మటుకు గాలి లాగే బూత్ ఉన్న షాపులో కొట్టించండి. కష్టమంతా మీరే పడ్డారు గనుక వాళ్ల కూలి తక్కువే అవుతుంది. అక్కడ గన్ పట్టే కుర్రాడికి సరైన మాస్కు ఉందా లేదా అని కూడా ఒక కన్ను వేయండి. ముక్కుకు రుమాలు కట్టుకుని ఉంటే వేరే షాపు చూసుకోండి, ఎందుకు వెళ్లిపోతున్నారో యజమానికి చెప్పి మరీ వెళ్లండి.

ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు రుద్దే పనిని కూడా నీళ్లు పెట్టే చేయాలి, పొడిగా రుద్దితే ధూళి లేస్తుంది. వాళ్లకు నేను చెప్పే ఉపాయం వేరే ఉంది. మెరిసే నల్ల వినైల్ స్టిక్కరు. కార్లకు స్టిక్కర్లు వేసే కుర్రాళ్లు వేడిగాలి కొట్టి మూలలు మడిచి చక్కగా అంటిస్తారు. గింజ పెద్దదిగా ఉన్న పలక మీద నిలవదు, నున్నటి వాటి మీద బాగుంటుంది. పెయింటు లోతు రాదు. కాని రెండడుగుల దూరం నుంచి మీ వియ్యంకుడు కనిపెట్టలేడు. నచ్చకపోతే పీకేయవచ్చు. ముప్పై ఏళ్లు గన్ పట్టినవాడు స్టిక్కరు వేసుకోమని చెప్పడమేమిటని మా షాపు మిత్రులు కొందరు ముఖం చిట్లిస్తున్నారు. చిట్లించనివ్వండి.

షాపు నుంచి పలకలు వచ్చాక రెండు మూడు రోజులు నీడలో ఉంచి, తర్వాత సన్నటి దుమ్ము గింజలుంటే 2000 నంబరు కాగితంతో నీళ్లు పెట్టి తీసి, రబ్బింగ్ కాంపౌండుతో మెరుగు పెట్టాలి. అంచుల మీద గట్టిగా రుద్దితే పొర తెగి కింద రంగు బయటపడుతుంది. క్లిప్పులు దూరే చోట్ల పెయింటు పేరుకుంటే తిరిగి బిగించేటప్పుడు పట్టేస్తాయి, అక్కడ ముందే టేపు వేసి ఉంచాలి. బిగించిన తర్వాత ఒక వారం అద్దాలు కొంచెం దించి నీడలో నిలపండి, వాసన పోయేదాకా చిన్నపిల్లలను ఎక్కించకండి.

అక్కడ వెనక వరుసలో ఒక సోదరులు చేయెత్తారు. ఆర్.టి.ఓ. వాళ్లు అడగరా అంటున్నారు. ఆర్.సి.లో రాసి ఉండేది బండి బయటి రంగు. అది మారిస్తే రవాణా శాఖకు తెలియజేసి ఆర్.సి.లో మార్పించుకోవాలి. లోపలి పలకల రంగుకు ఆ తంటా లేదు.

ఇంకొక అమ్మగారు, ఎన్నాళ్లు మెరుస్తుంది అని అడుగుతున్నారు. పొడిగుడ్డతో తుడవనంత కాలం, తల్లీ. దుమ్ము మీద పొడిగుడ్డ రుద్దడమంటే ఎమరీ కాయితం పెట్టి రుద్దడమే, వారం తిరిగేసరికి సాలెగూడు లాంటి గీతలు పడతాయి. మెత్తటి గుడ్డ తడిపి, పిండి, ఒత్తకుండా తుడవాలి. శానిటైజరు చేతులతో ముట్టుకోకూడదు, సెంటు సీసా దాని మీద ఒలికితే అక్కడ మచ్చ పడుతుంది. డ్యాష్‌బోర్డు పాలిషు ఇక ఇంట్లోకే తేవద్దు. నా కారు బయట వేపచెట్టు కింద ఉంది. చూడాలనుకున్నవారు భోజనాలకు ముందే చూడండి. పులిహోర తిన్న చేతులతో మాత్రం తలుపు తీయవద్దని ప్రార్థన.